ఆదివారం నిలవని బొమ్మ

గొళ్లెం పడింది. తాళం కప్ప పడింది. ఆ తర్వాత మామయ్య అలవాటు చొప్పున తాళాన్ని పట్టుకుని రెండుసార్లు కిందికి లాగి చూడడం కూడా అయింది. మూడు జతల చెప్పులు మెట్లు దిగిపోయాయి, అందులో అత్తయ్యవి ఎప్పటిలాగే ఈడ్చుకుంటూ. దేవకుమారి దుప్పటి తన్నేసి మంచం మీద లేచి కూర్చుంది. జ్వరమూ లేదు, గిరమూ లేదు. ఎనిమిదిన్నరకి వేడినీళ్ళ గ్లాసు నుదుటికి ఆనించుకుని పడుకుంటే అత్తయ్య రత్నమణి చెయ్యి పెట్టి చూసి "ఓలమ్మ, కాలిపోతంది" అంది, అంతే, చర్చిలో ఆరాధనకి సెలవు దొరికింది. కానీ జ్వరం మనిషిని ఇంట్లో పెట్టి బయట తాళం వేస్తారా ఎవరైనా? వేస్తారు. ఈ ఇంట్లో వేస్తారు. తలుపు తీసుంటే క్వార్టర్స్ లైనంతా టీవీ ముందు కూర్చోడానికి వచ్చేస్తారట, సంఘంలో ఎవరైనా పరామర్శకొస్తే మళ్ళీ అదొకటట, అందుకని ఇంట్లో ఎవరూ లేనట్టు తాళం. బాగుంది. పెళ్ళయి మూడేళ్ళు, తాళం కప్ప కొత్తగా వచ్చిందంతే, మిగతాదంతా పాతదే. గోడ గడియారంలో తొమ్మిదికి ఐదు నిమిషాలు. పదకొండుకి ఆరాధన అవుతుంది. పదకొండుంపావుకి తన మొగుడు కృపాకర్ ఆటో తీసుకుని వస్తాడు, బల్ల మీదున్న కంప్యూటర్‌ని అట్టపెట్టెలో పెట్టి తాడుతో కట్టి, దాని యజమాని శ్రీనివాసరావు ఇంట్లో దింపేసి వస్తాడు. బుధవారం ఉక్కు ఫ్యాక్టరీ ప్రాజెక్టు ఆఫీసులో తనకి పరీక్ష. తెర మీద టైపు కొట్టే పరీక్ష. ఆ మిషన్ ఇవాళ గుమ్మం దాటితే ఆ ఉద్యోగం కూడా దానితోపాటే ఆటో ఎక్కి పోతుంది, ఇందులో వేరే ఆలోచించడానికేమీ లేదు.

చల్లటి గచ్చు మీద ఉత్త పాదాలతో ముందుగదిలోకి వచ్చి టీవీ చెక్క తలుపులు రెండువైపులకీ తోసి, మీట తిప్పి, ఆ గుడ్డి తెల్లవెలుగు వచ్చేదాకా నిలబడింది. మీటల పలక ఒక్కటే ఉన్న ఆ కంప్యూటర్‌కి తెర ఈ టీవీయే, దాని వైరు వెనకున్న రెండు స్క్రూలకి తగిలించింది. అదీ, వచ్చింది, బొమ్మ వచ్చింది, వచ్చి నిలబడదే! కింద నుంచి పైకి, కింద నుంచి పైకి, ఒక్కొక్క బొమ్మకీ మధ్య ఓ నల్లటి పట్టీ, ఆగదు, ఊపిరి తీసుకోదు. దానితో పాటు తలకాయ కూడా పైకీ కిందికీ ఊపితే ఒక అక్షరమైనా దొరుకుతుందేమోనని ఊపి చూసింది, కళ్ళు తిరిగి కుర్చీ పట్టుకుంది. ఎనిమిది వారాల నుంచి ఇదే భాగోతం. శనివారం రాత్రి తను మిషన్ తగిలించి ఓ గంట సాధన చేసుకుంటుంది, ఆదివారం పొద్దున్నకి టీవీకి జబ్బు. సాయంత్రానికి దానంతటదే తేరుకుంటుంది, సోమవారం మెకానిక్ వచ్చి చూస్తే అద్దంలా ఉంటుంది. వాడు తల గోక్కుని "ఆ మిషన్ వేడికి ట్యూబు నీరసపడతంది, తగిలించకండి" అని చెప్పి టీ తాగి పోయాడు. ఇంకేం, తీర్పు అయిపోయింది. అత్తయ్య అంది, మొగుడు అన్నాడు, ఎదురింటివాళ్ళు కూడా అన్నారు, "మీ కోడలి మిషన్ పెట్టినకాడ్నించే కదండీ" అని. అందుకే నిన్న రాత్రి దేవకుమారి ఆ మిషన్ని ముట్టుకోలేదు. వైరు కూడా చుట్టి బీరువాలో పెట్టేసింది. పొద్దున్న ఎనిమిదికి ఎవరూ చూడకుండా టీవీ వేసి చూస్తే మళ్ళీ అదే పరుగు! గుండె ఝల్లుమంది, భయానికి కాదు, సంతోషానికి. మిషన్ తప్పు కాదన్నమాట! పరిగెత్తుకెళ్ళి గెడ్డం గీసుకుంటున్న కృపాకర్‌కి చెబితే, సబ్బు నురగలోంచే అన్నాడు, "సెడిపోయింది సెడిపోయినట్టే కుమారీ. ఇన్నాళ్ళూ తగిలించీసి ఇప్పుడు ఒక్కపూట మానేత్తే బాగయిపోద్దేటి?" అని.

ఏం చెప్పినా వినడు. చెడ్డవాడు కాదు, అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడయితే దెబ్బలాడొచ్చు. ఈ మిషన్ని తెచ్చి పెట్టింది కూడా అతనే. పోర్టులో అతనితో పనిచేసే శ్రీనివాసరావుకి ఓడవాళ్ళెవరో ఇచ్చిపోతే, ఆటోనగర్‌లో రేడియో మెకానిక్ ఒకడు దాని కడుపు విప్పి మన టీవీకి కలిసేలా ఏదో చేస్తే, మూడు నెలలు వాడుకోమని అడిగి తెచ్చాడు, పోయినసారి జరిగినదానికి పెళ్ళాం ఏడుస్తుంటే చూడలేక. పోయినసారి. తలుచుకోకూడదనుకుంటుంది గానీ ఆ నల్లపట్టీ పైకి పోతున్నట్టే అదీ వచ్చేస్తుంది, ఆగదు. ప్రాజెక్టు ఆఫీసులో రేకుల షెడ్డు, లోపల మాత్రం చలి పెట్టే గది, ముగ్గురు ఆఫీసర్లు, పచ్చ అక్షరాల తెర. ఎలమంచిలిలో టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నాలుగేళ్ళు పాఠం చెప్పిన మనిషి తను, హయ్యరు ఫస్టుక్లాసు, కాగితం మీద ఎంత వేగమైనా కొడుతుంది. కానీ అక్కడ కాగితమేదీ? అక్షరాలు ఎదురుగా నిటారుగా లేచి నిలబడి తననే చూస్తున్నాయి. వరస చివరికొచ్చింది, టైపుమిషన్‌లోలా గంట మోగలేదు, అయినా ఎడమ చెయ్యి లేచింది. లేస్తుంది మరి! పదేళ్ళ నుంచి వరస అయ్యేసరికి లేచి, కాగితం పట్టిన క్యారేజీని కుడివైపుకి తోసే చెయ్యి అది, దానికేం తెలుసు ఇక్కడ క్యారేజీ లేదని. మొదటిసారి గాలిని తోసింది. రెండోసారీ గాలినే. మూడోసారి పెద్దాఫీసరుగారి టీ గ్లాసుని తోసింది. ఆయన తెల్లచొక్కా మీద ఆ టీ... ఒకాయన నవ్వాపుకోలేక బయటికి వెళ్ళిపోయాడు. బయట వేపచెట్టు కింద గొడుగేసుకుని మామయ్య దయానందం నిలబడి ఉన్నాడు, ఆ రోజు తీసుకెళ్ళింది ఆయనే. తన మొహం చూసి ఏమీ అడగలేదు. చీర కుచ్చిళ్ళ మీద టీ మరక చూసి కూడా అడగలేదు. గాజువాక బస్సులో కిటికీ సీటు తనకిచ్చి, దారంతా పక్కన నిలబడి వచ్చాడు. ఇంటికొచ్చాక రాత్రి కుటుంబ ప్రార్థనలో మాత్రం "మా కోడలి సేతికి నెమ్మది ఇయ్యి ప్రభువా" అన్నాడు. ఆ మాటకి ఎంత ఏడ్చిందో, తండ్రి పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు.

తొమ్మిదిన్నరయింది. కిటికీ బయట ఎవరో దగ్గారు. దేవకుమారి గబుక్కున వంగి బల్ల చాటుకి నక్కింది, తన ఇంట్లో తనే దొంగలా. కిటికీ ఊచల మధ్య ఓ మొహం, నెత్తి మీద చేపల తట్ట, తట్ట కింద చుట్టకుదురు, సీతాలు. జాలారిపేట నుంచి పొద్దున్నే హార్బరుకెళ్ళి చేపలెత్తుకుని ఈ లైను మీదుగా తిరుగుతుంది, ఆదివారం మాత్రం తొమ్మిదిన్నరకి తట్ట ఈ వరండాలో దింపి సీరియల్ చూసి గాని కదలదు. కదలదు అనడం ఎనిమిది వారాల కిందటి మాట. "ఓలమ్మ, బల్ల కింద నువ్వేటి సేత్తన్నావు తల్లీ? బయట తాళం ఉందేటి?" అంది సీతాలు, తట్ట దింపకుండానే. "మెల్లగా అను సీతాలూ. నాకు జొరం." "జొరమొత్తే తాళమేత్తారేటి! ఇదేటి ఇడ్డూరం." ఊచల్లోంచి మెడ సాచి టీవీ వైపు చూసి నాలుక చప్పరించింది. "ఇయాల కూడా బొమ్మ నిలబడనేదేటి? నా కర్మ. రెండు నెల్ల కాడ సగంలో ఉండిపోనాది కత, ఆ తల్లిని అడవిలో ఒగ్గీసేరో నేదో కూడా తెల్దు నాకు. మీ మాంగారు అంత పెద్దాయన, టీవీ ఎనకాల మోకాళ్ళేసుకుని మరీ దండం ఎట్టుకున్నా దేవుడు ఇననేదేటమ్మా?" దేవకుమారి సగమే వింది, చేతిలో వైరు కొసని చీర చెంగుతో తుడుస్తూ. "ఎప్పుడు?" "తెల్లారగట్ల. నాను హార్బరుకెళ్తా సూసినాను, దీపం ఎట్టుకుని, ఆ మూల మోకాళ్ళ మీద. ప్రెతీ ఆదోరం సూత్తానే ఉన్నాను కదా. మంచిమనిసి. సర్లే, పడుకో తల్లీ, సావిడాయి సేపలు తెచ్చినాను, మీ అత్త వొత్తే సెప్పు." తట్ట వాసన కాసేపు కిటికీ దగ్గరే ఉండిపోయింది. మామయ్య ప్రార్థన చెయ్యని చోటంటూ ఇంట్లో ఏముంది గనక, పొయ్యి దగ్గర చేస్తాడు, నూతి దగ్గర చేస్తాడు, టీవీ వెనక చేస్తే చేశాడు.

సరే, మిషన్ బతికి ఉందా, చచ్చిందా, అది తేలాలి ముందు. తెర చూద్దామంటే తెర నిలవదు. తెర చూడకుండా ఎలా? అనుకుని, తనమీద తనకే నవ్వొచ్చింది. చూడకుండా ఎలా ఏమిటి, నాలుగేళ్ళు పిల్లలకి చెప్పిందేమిటి! ఎలమంచిలి ఇన్‌స్టిట్యూట్‌లో గంగరాజు మాస్టారు ప్రతి మిషన్ మీదా మీటలు కనబడకుండా నల్లగుడ్డ కట్టించేవారు, గుడ్డ కింద చేతులు, కళ్ళు ఎడమపక్క కాపీ మీద. కాగితం వైపు చూసిన పిల్ల వేళ్ళ మీద స్కేలుతో తట్టేవారు. "తప్పు పడిందని సూడ్డానికి తలెత్తితే రెండో తప్పు పడతాది" అనేవారు. ఎంత బాగుండేది అక్కడ, పద్నాలుగు మిషన్లు ఒక్కసారిగా కొడుతుంటే గోడలు అదిరేవి, కిటికీలోంచి రైలు పోతుంటే కూడా వినబడేది కాదు. పెళ్ళి కుదరగానే మాస్టారు తాళంచెవి చేతిలోంచి తీసుకుని, "ఇశాపట్నంలో బోలెడు ఆఫీసులు, నీకేటమ్మా" అన్నారు. బోలెడు ఆఫీసులు ఉన్నాయి, నిజమే. దేవకుమారి టీవీకి వీపు తిప్పి కూర్చుని మిషన్ని ఒళ్ళోకి తీసుకుంది. వేళ్ళు వాటి చోట్లు అవి వెతుక్కున్నాయి. మోగమని చెప్పే మాట ఒకటుంది, శ్రీనివాసరావు రాసిచ్చిన కాగితంలో రెండో వరస, మాట కొట్టి, ఎంతసేపు, ఎంత గొంతుతో అని రెండంకెలు కొట్టి పెద్ద మీట నొక్కాలి. కళ్ళు మూసుకుని కొట్టింది, నొక్కింది. కుయ్ మంది! ఎంత సన్నగా, ఎంత బుద్ధిగా మోగిందో! మళ్ళీ కొట్టింది, మళ్ళీ మోగింది. అంకె మార్చింది, గొంతు మార్చి మోగింది. తప్పు లేకుండా కొట్టింది కాబట్టే మోగింది, బతికుంది కాబట్టే మోగింది. ఎనిమిది వారాల్లో ఈ ఇంట్లో తన మాట విని జవాబిచ్చింది అదొక్కటే.

అయితే జబ్బు టీవీదే. మిషన్ వైరు ఊడదీసి, వంటింట్లోంచి చాకు తెచ్చి ఆ రెండు స్క్రూలకీ డాబా మీదనుంచి వచ్చే ఏంటెనా వైరు బిగించింది. ఢిల్లీ వాళ్ళ సీరియల్ వచ్చింది, రాజులూ రథాలూ నెత్తి మీద నుంచి నెత్తి మీదకి పరుగులు తీస్తూ పైకి పోతున్నారు. ముందువైపు ఉన్న బొత్తాలన్నీ తిప్పింది, చానెల్ కటకటమని అటూ ఇటూ పన్నెండుసార్లు తిప్పింది. లాభం లేదు. పది దాటింది. ఇంకేం మిగిలింది, వెనక. వైరు స్క్రూలు దాటి వెనక చెయ్యి పెట్టకూడదు, మామయ్య ఎన్నిసార్లు చెప్పాడు, ఇంట్లో అందరినీ నిలబెట్టి మరీ చెప్పాడు, ఎనక సెయ్యెడితే షాకు కొట్టి సచ్చిపోతారు అని. చావనీ! ఇలా తాళం వెనక కూర్చుని పదకొండు ఎప్పుడవుతుందా అని చూడడం కంటే అదే నయం. మళ్ళీ మిషన్ వైరు తగిలించి, బరువైన ఆ నాలుగుకాళ్ళ పెట్టెని గోడ నుంచి కొద్దికొద్దిగా లాగింది, చెమటతో జాకెట్టు తడిసిపోయింది. పడగ్గదిలోంచి నిలువుటద్దం తెచ్చి తెరకి ఎదురుగా కుర్చీకి ఆనించింది, మెకానిక్ ఆ రోజు అలాగే పెట్టాడు, వెనక నుంచుని ముందు బొమ్మ చూడ్డానికి. మోకాళ్ళ మీద కూర్చుని దీపం వెలిగించి లోపలికి వంగింది. దుమ్ము. ఓడల్లోకి ఖనిజం పోసే చోటు నుంచి గాలికి లేచొచ్చే ఎర్రదుమ్ము, ఈ క్వార్టర్స్‌లో అన్నం మీద పడుతుంది, ఆరేసిన బట్టల మీద పడుతుంది, ముక్కులో పడుతుంది, ఇక్కడ అయితే వేలెడు మందాన పేరుకుంది. పెట్టె వెనక అట్ట అంతా ఎర్రగా ఉంది. ఒక్క చోట తప్ప.

ఆ ఒక్కచోట శుభ్రంగా ఉంది. చిన్న నల్ల బొత్తాం, ఎవరో రోజూ పట్టుకునే తలుపు గడియ లాగ నున్నగా మెరుస్తూ. దాని మీద తెల్లటి గీత. దాని ఎదుట అట్ట మీద తెల్లటి చుక్క. గీత చుక్క దగ్గర లేదు, ఓ వేలు పక్కకి జరిగి ఉంది. దేవకుమారి దీపం దగ్గరగా పెట్టి చూసింది. చూస్తూనే ఉంది. ఆ గీత తనకి తెలుసు. ఈ ఇంట్లో ఎవరికి తెలియదు ఆ గీత! పోర్టు కాటా దగ్గర ముప్ఫై ఏళ్ళు పనిచేసిన మనిషి దయానందం, లారీలు తూచే కాటా, ఏ మర ముట్టుకున్నా ముందు గీత పెట్టి గాని ముట్టుకోడు, మళ్ళీ అదే చోటుకి తీసుకురావాలి కదా అంటాడు. గ్యాసు బొత్తాం మీద గీత. ఫ్యాను రెగ్యులేటరు మీద గీత. కుట్టుమిషన్ దారం బిగించే చక్రం మీద గీత. రంగు మాత్రం కొత్తది, తెల్లగా, గట్టిగా, అంచు కాస్త లేచి. అది కూడా తెలుసు. టైపులో తప్పు పడితే పూసే తెల్లరంగు, తన పెట్టెలో ఉన్న సీసా, ఎలమంచిలి నుంచి తెచ్చుకుంది, వాడకుండానే తగ్గిపోతోందేమిటి, ఎండిపోతోందేమో అనుకుంది. తన తప్పులు కప్పుకునే రంగు! తెల్లారగట్ల, దీపం పెట్టుకుని, మోకాళ్ళ మీద... అయ్యో సీతాలూ, అది దండమనుకున్నావు, ఎంత మంచిదానివే నువ్వు. చెయ్యి చాచి బొత్తాం పట్టుకుంది, షాకూ లేదు, చావూ లేదు. మెల్లగా తిప్పింది. గీత చుక్కకి దగ్గరవుతుంటే అద్దంలో పరుగు మెల్లబడింది, నల్లపట్టీ ఇంకొక్కసారి బద్ధకంగా లేచింది, గీత చుక్కని తాకింది. బొమ్మ నిలబడిపోయింది. అద్దంలో తిరగేసిన అక్షరాలు, ఇందాక తను చూడకుండా కొట్టిన మూడు వరసలు, ఒక్క తప్పు లేదు.

సంతోషం రావాలి కదా. రాలేదు. ఒళ్ళంతా మండిపోయింది. గోడకీ టీవీకీ మధ్య ఆ మూరెడు సందులో అలాగే కూర్చుండిపోయింది. ఎందుకు చేశాడో తెలియక కాదు, తెలిసే. సీరియల్ మొదలైన కొత్తలో ఆదివారాలు గుర్తున్నాయి, ఆరాధనకి వేళవుతుంటే వాకిలంతా జనం, సీతాలు, ఆమె తోడికోడళ్ళు, ఎదురింటివాళ్ళు, పొమ్మనలేడు, ఒకరిని పొమ్మని ఎరగడు ఆయన. అయినా వాళ్ళతో కాదు బాధ. అత్తయ్య ఓ ఆదివారం నడుం నొప్పి అంది, మరో ఆదివారం కాలు లాగుతోంది అంది, మూడో ఆదివారం ఏ నొప్పీ చెప్పకుండానే గుమ్మానికి ఆనుకుని ఆ సీరియల్ ముందు కూర్చుండిపోయింది. సంఘపెద్ద అయ్యుండి మామయ్య ఒక్కడూ బైబిలు చంకలో పెట్టుకుని వీధిలోకి నడిచాడు. ఆ నడక తనూ చూసింది, పాపం అనుకుంది కూడా. పెళ్ళాన్ని రమ్మని ఒక్క మాట అడగలేని మనిషి చీకట్లో లేచి బొత్తాం తిప్పాడు. తిప్పు, మంచిదే! మరి మెకానిక్ వచ్చి మిషన్ మీద తోసినప్పుడు నోరేమైంది? అత్తయ్య "ఆ దరిద్రం ఇంట్లోకొచ్చినకాడ్నించే" అన్నప్పుడు అక్కడే కదా కూర్చుని ఉన్నాడు, పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని. నిన్న కృపాకర్ ఆటో మాట ఎత్తినప్పుడు పేపరు పేజీ తిప్పాడు. రాత్రి ప్రార్థనలో "బుధవారం మా కుమారికి జయమియ్యి తండ్రీ" అన్నాడు, అదే గొంతు, అదే కన్నీళ్ళు, తెల్లారేసరికి అదే చెయ్యి. చెప్పేస్తాను. అందరి ముందూ చెప్పేస్తాను. చెబితే? ఎవరు నమ్ముతారు? నమ్మినా, దయానందంగారు టీవీ వెనక దూరి అబద్ధం ఆడారని లైనంతా, సంఘమంతా అంటుంటే ఈ ఇంట్లో తను ఎలా తిరుగుతుంది? పెద్దాయన్ని బజారుకీడ్చిన కోడలు అని జీవితమంతా అంటారు. చెప్పకపోతే మిషన్ పోతుంది. ఎటు తిరిగినా గోడే. గోడకి తల ఆనించి కాసేపు ఏడ్చింది, గట్టిగానే ఏడ్చింది, వినేవాళ్ళు ఎవరూ లేరు కదా తాళం పుణ్యమా అని.

తాళం తీసిన చప్పుడుకి లేచి మొహం తుడుచుకుని బల్ల ముందు కూర్చుంది. టీవీ గోడకి జరపలేదు. అద్దం కూడా తియ్యలేదు. తలుపు తీసింది దయానందం, తాళంచెవి ఆయన దగ్గరే ఉంటుంది. చెప్పులు విడిచి తలెత్తి తెర చూశాడు. నిలబడిన బొమ్మ చూశాడు, గోడకి దూరంగా జరిగిన పెట్టె చూశాడు, అద్దం చూశాడు. దేవకుమారి చూపు ఆయన మీదే ఉంది. బైబిలు ఒక చంకలోంచి రెండో చంకలోకి మార్చుకున్నాడు. వెనకనే రత్నమణి, ఆ వెనక అట్టపెట్టే తాడూ పట్టుకుని కృపాకర్.

"బొమ్మ నిలబడిందేటి!" అంది రత్నమణి గుమ్మంలోనే. "సూసేరా, ఇయాల సంఘమంతా నీ జొరం కోసం ప్రార్థన సేసినాం కుమారీ. జొరమూ పోనాది, టీవీ కూడా బాగయిపోనాది!"

"ఇప్పుడు నిలబడతాది లేమ్మా. వచ్చే ఆదివారం మళ్ళీ మామూలే," అన్నాడు కృపాకర్, పెట్టె కింద పెడుతూ. "కుమారీ, లే. ఆటో ఆగింది బయట. శ్రీనివాసరావుకి మాటిచ్చేసేను, పంపించీడమే మంచిది."

దేవకుమారి లేవలేదు. "మామయ్యగారూ," అంది. "మీరు చెప్పండి. వచ్చే ఆదివారం పాడవుతుందా?"

"నాన్ననడుగుతావేటి? నాన్నకేటి తెలుసు టీవీ సంగతి?" అన్నాడు కృపాకర్ నవ్వుతూ.

దయానందం నవ్వలేదు. గోడ గడియారం వైపు చూశాడు, పెళ్ళాం వైపు చూశాడు, మళ్ళీ తెర మీది అక్షరాల వైపు చూశాడు. మనిషి ఒక్కసారిగా ముసలివాడైపోయినట్టు కనబడ్డాడు. వీధిలో ఆటోవాడు హారన్ కొట్టాడు, రెండుసార్లు కొట్టాడు. దేవకుమారి కళ్ళు తిప్పుకోలేదు. తిప్పుకుంటే అయిపోతుందని తెలుసు.

"పాడవదు," అన్నాడు చివరికి.

"మీకెలా తెలుసండి?" అంది రత్నమణి.

"పాడవదన్నాను కదా. వచ్చే ఆదివారం పాడవదు, ఆపై ఆదివారమూ పాడవదు. మిషన్ దోషం కాదది, ఎప్పుడూ కాదు. ఆటోని పొమ్మను కృపా." గొంతు కాస్త పైకి లేచింది, ఆ ఇంట్లో ఆ గొంతు అలా లేవడం కొత్త. "నీకు రావాలనుంటే ఆరాధనకి రా, నేకపోతే ఇక్కడే కూకుని బొమ్మలు సూసుకో, మణీ. నానేటీ అనను. నాను ఒక్కడ్నీ ఎళ్ళగలను."

రత్నమణి వంటింట్లోకి వెళ్ళిపోయింది. కృపాకర్ ఇద్దరి మొహాలూ చూసి, ఏమీ బోధపడక, తాడు చుట్టుకుంటూ ఆటోవాడితో మాట్లాడడానికి మెట్లు దిగాడు. దయానందం బైబిలు బల్ల మీద పెట్టి, పంచె సర్దుకుని, మెల్లగా టీవీ వెనక్కి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. జేబురుమాలు కొస నోటితో తడిపి రుద్దుతున్న చప్పుడు వినబడింది. వంటింట్లోంచి రత్నమణి తొంగి చూసి, "ఇప్పుడే కదండి ఆరాధన నుంచొచ్చేం, ఆ మూల మళ్ళీ ప్రార్థనేటి?" అంది. ఆయన రుద్దడం ఆపలేదు. ఆ రంగు ఒకసారి ఆరితే అంత తేలిగ్గా పోదు, ఆ సంగతి దేవకుమారికి తెలుసు, గోటితో గీకాలి. చెప్పలేదు. మిషన్ మీద చేతులు పెట్టి కొట్టడం మొదలుపెట్టింది, కళ్ళు తెర మీద, వరస మీద వరస. ఆయన మీద కోపం అలాగే ఉంది, అది ఇవాళ పోయేది కాదు, బుధవారానికి కూడా పోదేమో. వరస చివరికొచ్చింది. ఎడమ చెయ్యి కాస్త కదిలింది, లేవబోయింది, బల్ల అంచుకి ఆనించి ఆపుకుంది.

"అమ్మా," అన్నాడు దయానందం టీవీ వెనక నుంచే, మొహం కనబడకుండా. "బుధవారం నాను వస్తాను నీతో. లోపలోళ్ళకి ముందే సెప్తాను, టీ గ్లాసు నీ ఎడంపక్క పెట్టొద్దని."

దేవకుమారి తరవాతి వరస కొట్టింది.